అప్‌డేట్: బంతి తగిలిన పెద్దాయన, పగిలిన కారు అద్దం, బీమా సంగతి

హనుమకొండలో ఆదివారం క్రికెట్ ఆటలో నేను కొట్టిన లెదర్ బంతి ప్రహరీ దాటి ఒక కారు అద్దాన్ని పగలగొట్టి, పక్కనే వెళ్తున్న పెద్దాయన మణికట్టుకు తగిలిందని, నాలాంటి వాళ్లకు బాధ్యత బీమా (మన వల్ల ఇతరులకు కలిగే నష్టాన్ని భరించేది) ఉండాలా అని లోగడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

కారు యజమాని పాలసీ చూడమన్న సలహా పనిచేసింది. ఆయనది సమగ్ర పాలసీ, అంటే సొంత కారుకు జరిగే నష్టాన్నీ భరించేది. అద్దం పాతబడిందని విలువ తగ్గించే తరుగుదల కోత లేదు. క్లెయిమ్‌లో యజమాని తప్పనిసరిగా భరించాల్సిన 1000 రూపాయలు, ఆయన కోల్పోయే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో దొరికే తగ్గింపు) మొత్తం నేనే ఇచ్చాను. ఇతరులకు జరిగే నష్టాన్నే భరించే థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే ఏమీ వచ్చేది కాదు. నా బైకు బీమా, ప్రమాద బీమా రెండూ ఇక్కడ పనికిరాలేదు. మొదటిది బైకు వల్ల జరిగే నష్టానికి, రెండోది నా గాయాలకే.

మైదానం బయట ఒకరికి క్రికెట్ బంతి తగిలిన కేసులో 1951 నాటి ఇంగ్లండ్ తీర్పు ఒకటి న్యాయవాది చెప్పారు. అక్కడ దాదాపు 30 ఏళ్లలో ఆరేడు సార్లే బంతి మైదానం దాటింది కాబట్టి క్లబ్బుపై బాధ్యత పడలేదు. మాకు ప్రతి వారం దాటుతుంది! అంటే బాధ్యత మాపై పడొచ్చని తెలిశాక నాకు నిద్ర పట్టలేదు.

గోల్ఫ్ ఆడేవారికి ఇతరులకు కలిగే నష్టాన్నీ భరించే ప్రత్యేక పాలసీలు ఉన్నాయి. మా ఆటకు అలాంటిది నాకు దొరకలేదు. రోడ్డు పక్కన ఆడే జట్లకైనా అది ఉండి తీరాలని నా అభిప్రాయం.

పెద్దాయన వైద్య ఖర్చు జట్టంతా పంచుకున్నాం. కట్టు విప్పారు. "వల కట్టుకొని ఆడండి బాబూ" అన్నారాయన. రోడ్డు వైపు వల కట్టాం.