బంతి పైకి వెళుతుంటే గ్రాఫులో గీత కిందికి ఎందుకు దిగుతోంది?

ప్రశ్న

నమస్కారం. నేను సరళరేఖా చలనం పాఠం చదువుతున్నాను. సూత్రాలతో లెక్కలు చేయగలుగుతున్నాను గానీ, గ్రాఫ్ కనిపించగానే తడబడుతున్నాను. సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరిన బంతికి వేగం–కాలం గ్రాఫ్ గీయమన్నారు. గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకుని గీస్తే, 20 దగ్గర మొదలై ఏటవాలుగా దిగే సరళరేఖ వచ్చింది. బంతి పైకి వెళుతుంటే గీత కిందికి దిగడం ఏమిటో అర్థం కాలేదు. పైగా 2 సెకన్ల తర్వాత ఆ గీత కాలాక్షాన్ని దాటి కిందికి పోయింది. అంటే బంతి నేలలోకి దిగిపోయినట్టా? ఇంకో సందేహం కూడా ఉంది: 2 సెకన్ల దగ్గర వేగం సున్నా అయినప్పుడు, అక్కడ త్వరణం కూడా సున్నా కావాలి కదా?

మొదటి సమాధానం

మీ గ్రాఫ్ సరిగ్గానే ఉంది, చదవడంలోనే పొరపాటు జరిగింది. ఆ గీతను మీరు బంతి వెళ్లిన దారిగా చూస్తున్నారు. నేను పాఠం చెప్పేటప్పుడు ఎక్కువ మంది పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. గ్రాఫ్ ఏదైనా సరే, గీతను చూడకముందే నిలువు అక్షం మీద ఏ రాశి ఉందో చదవాలి. మీ గ్రాఫులో అక్కడ ఉన్నది ఎత్తు కాదు, వేగం. కాబట్టి గీత దిగడమంటే వేగం విలువ తగ్గడం: 0, 1, 2, 3, 4 సెకన్ల దగ్గర అది వరుసగా 20, 10, 0, −10, −20. పైదిశను ధనాత్మకంగా తీసుకున్నారు కనుక, కాలాక్షం కింద ఉన్న భాగం బంతి కిందికి వస్తున్నదని మాత్రమే చెబుతుంది. బంతి ఎక్కడుందో తెలియాలంటే స్థానం–కాలం గ్రాఫ్ విడిగా గీయాలి.

ఆ గ్రాఫును నిజంగా గీసి చూడండి. అవే సమయాల దగ్గర ఎత్తులు 0, 15, 20, 15, 0 మీటర్లు. వాటిని నునుపుగా కలిపితే గుమ్మటం లాంటి వక్రం వస్తుంది. ఇప్పుడు స్కేలు అంచును 1 సెకను బిందువు దగ్గర వక్రాన్ని తాకీతాకనట్టు ఆనించండి. అది 0 సెకన్ల దగ్గర 5 మీటర్ల గుండా, 2 సెకన్ల దగ్గర 25 మీటర్ల గుండా పోతుంది. 2 సెకన్లకు 20 మీటర్ల పెరుగుదల కనుక వాలు 10, ఆ క్షణంలో వేగం కూడా అంతే. స్కేలును మెల్లగా శిఖరం దాకా జరిపితే అది అడ్డంగా పడుకుంటుంది, అంటే అక్కడ వేగం సున్నా. శిఖరం దాటగానే అవతలి వైపుకు వాలుతుంది.

రెండో సందేహానికి జవాబు మీ గీతలోనే ఉంది. త్వరణం అంటే వేగం–కాలం గ్రాఫ్ వాలు. 2 సెకన్ల దగ్గర గీత అక్షాన్ని తాకుతున్నా, దాని వాలు మారలేదు. మొదటి నుంచి చివరి దాకా −10 గానే ఉంది. అక్కడ త్వరణం కూడా సున్నా అయిపోతే, వేగం మారడానికి కారణమే ఉండదు కనుక బంతి గాలిలోనే నిలిచిపోవాలి.

రెండో సమాధానం

పై వివరణకు ఒక్క మాట చేరుస్తాను. వేగం–కాలం గీతకూ కాలాక్షానికీ మధ్య ఉన్న వైశాల్యం స్థానభ్రంశాన్ని (బయలుదేరిన చోటు నుంచి వస్తువు ఏ దిశలో ఎంత జరిగిందో) ఇస్తుంది. 14వ శతాబ్దంలోనే ఫ్రెంచ్ పండితుడు నికోల్ ఒరెమ్ సమత్వరణ చలనాన్ని ఇలాంటి పటంతో చూపించాడు. ఇక త్వరణం ఋణాత్మకం అంటే వస్తువు నెమ్మదిస్తోందని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది.

మూడో సమాధానం

పై సమాధానంలోని చివరి వాక్యాన్ని దయచేసి అలా గుర్తుపెట్టుకోవద్దు. ఇదే బంతి 2 నుంచి 4 సెకన్ల మధ్య త్వరణం −10 తోనే పడుతూ అంతకంతకూ వడి (దిశను పక్కన పెట్టి చూసే వేగం పరిమాణం) పుంజుకుంటుంది. వేగానికీ త్వరణానికీ గుర్తులు వేరైనప్పుడు వస్తువు నెమ్మదిస్తుంది, ఒకటే అయినప్పుడు వడి పెరుగుతుంది. గ్రాఫులో దీన్ని చూడడం ఇంకా తేలిక: గీత కాలాక్షానికి దగ్గరవుతుంటే నెమ్మదించడం, అక్షం నుంచి ఏ వైపుకైనా దూరమవుతుంటే వడి పెరగడం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. స్కేలు ఆనించి చూశాక మొదటిసారి స్పష్టంగా అర్థమైంది. వైశాల్యంతో 3 సెకన్ల దాకా లెక్క కట్టాను. అక్షం పైనున్న త్రిభుజం 20, కిందిది 5 వచ్చాయి. తీసివేస్తే 15 మీటర్ల స్థానభ్రంశం, కూడితే 25 మీటర్ల దూరం అని రాశాను. ఇది సరైనదేనా?

మొదటి సమాధానం రాసినవారు

సరైనదే. 3 సెకన్ల దగ్గర ఎత్తు కూడా 15 మీటర్లే కనుక, రెండు గ్రాఫులూ ఒకే మాట చెబుతున్నాయి. ఇప్పుడు ఇదే బంతికి వడి–కాలం గ్రాఫ్ గీయండి. కింది భాగం అక్షం పైకి మడత పడినట్టుగా, 2 సెకన్ల దగ్గర సున్నాను తాకి మళ్లీ పైకి లేస్తుంది. ఆ గ్రాఫ్ నుంచి 25 మీటర్ల దూరం దొరుకుతుంది గానీ, దిశ సమాచారం పోయింది కాబట్టి 15 మీటర్ల స్థానభ్రంశం దొరకదు.