డీటీపీ ఫైళ్లకు బ్యాకప్, సింక్: ఒకే సాఫ్ట్‌వేర్ చాలుతుందా?

ప్రశ్న (కడప నుంచి):
అందరికీ నమస్కారం. ఏడురోడ్ల కూడలి దగ్గర నాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, అప్పుడప్పుడు పుస్తకాలు చేస్తాను. పాత పేజ్‌మేకర్ ఫైళ్లు, ఫొటోషాప్ ఫైళ్లు కలిపి 200 జీబీ దాకా ఉంటాయి. షాపులో డెస్క్‌టాప్, ఇంట్లో లాప్‌టాప్. రెండుచోట్లా ఒకే ఫైలు ఉండాలి, డిస్కు పోయినా పని పోకూడదు. నెలనెలా డబ్బు కట్టే సేవలు నాకు గిట్టుబాటు కావు. ఒకే సాఫ్ట్‌వేర్‌తో రెండు పనులూ అవుతాయా?

కర్నూలు నుంచి:
అయినట్టే కనిపిస్తుంది అన్నా, చిక్కంతా అక్కడే. సింక్ అంటే ఇక్కడ జరిగిందల్లా అక్కడా జరగడం. షాపులో ఒక ఫోల్డర్ పొరపాటున చెరిపితే ఇంట్లోనూ చెరిగిపోతుంది. వైరస్ ఫైళ్లకు తాళం వేస్తే ఆ తాళం పడ్డ ఫైళ్లే లాప్‌టాప్‌కూ చేరతాయి. బ్యాకప్‌లో పోయిన నెల ఫైలు విడిగా మిగిలి ఉండాలి. అందుకని రెండింటికీ వేర్వేరు సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి.

సింక్‌కు సింక్‌థింగ్ బాగుంటుంది. ఉచితం, ఓపెన్ సోర్స్. ఫైళ్లు ఏ కంపెనీ సర్వర్లోనూ నిల్వ ఉండవు. అయితే రెండు యంత్రాలూ ఒకే వేళ ఆన్‌లో ఉండాలి. షాపు కంప్యూటర్ ఆపేసి ఇంటికి వెళ్తే లాప్‌టాప్‌కు ఏమీ రాదు. ఇది తెలియకనే చాలామంది పనిచేయడం లేదని తీసేస్తారు. మొదటిసారి మాత్రం లాప్‌టాప్‌ను షాపుకు తెచ్చి, రెండింటినీ ఒకే రౌటర్‌కు కలపండి. 200 జీబీని ఇంటర్నెట్ మీద పంపడం అనవసరపు తంటా.

అనంతపురం నుంచి:
సింక్‌థింగ్‌లోనే వెర్షనింగ్, అంటే ఫైలు పాత ప్రతుల్ని దాచే సదుపాయం, ఉంది కదా సార్, అది ఆన్ చేస్తే బ్యాకప్ కూడా అయినట్టే కదా?

కర్నూలు నుంచి:
సగమే అవుతుంది. అవతలి యంత్రం నుంచి వచ్చిన మార్పులకే అది పాత ప్రతిని దాస్తుంది. షాపులో మీరే ఫైలు మీద ఫైలు సేవ్ చేస్తే షాపులో పాతది మిగలదు. లాప్‌టాప్‌లో వెర్షనింగ్ ఆన్‌లో ఉంటే అక్కడ దొరుకుతుంది, అంతే. పైగా అది మనం ఆన్ చేస్తేనే పనిచేస్తుంది. దాన్ని రెండో రక్షణగా ఉంచుకోండి.

బ్యాకప్‌కు ఒక బయటి హార్డ్‌డిస్కు, ఫ్రీఫైల్‌సింక్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. ఎడమవైపు షాపు ఫోల్డర్, కుడివైపు డిస్కు పెట్టి మిర్రర్ ఎంచుకోండి. మిర్రర్ అంటే ఎడమవైపు లేనిది కుడివైపు కూడా లేకుండా చేయడం. కాబట్టి చెరిపే ఫైళ్లను ఏం చేయాలన్న చోట వెర్షనింగ్ ఎంచుకుని, డిస్కులోనే వేరే ఫోల్డర్ చూపించండి. అక్కడే టైమ్ స్టాంప్ కూడా ఎంచుకుంటే చెరిగినవి, మారినవి తేదీ, సమయంతో సహా ఆ ఫోల్డర్‌కు చేరతాయి.

ఎడమ, కుడి తారుమారైతే మాత్రం కొంప మునుగుతుంది. ఖాళీ డిస్కు ఎడమవైపు పడితే, దాన్ని చూసి షాపు ఫోల్డర్‌నే ఖాళీ చేస్తుంది. అందుకే కంపేర్ నొక్కాక వచ్చే జాబితాను కళ్లారా చూడండి. మీరు నాలుగు ఫైళ్లు మారిస్తే అది వేల ఫైళ్లు చెరుపుతానంటోందంటే అక్కడే ఆగిపోవాలి. విండోస్‌లోనే ఉండే, ఫైళ్లు కాపీ చేసే రోబోకాపీకి మిర్రర్ ఆదేశం ఇచ్చినా ఇదే ప్రమాదం, అక్కడ ఈ జాబితా కూడా దానంతట అది రాదు.

పని కాగానే డిస్కు వైరు తీసేయండి. ఎప్పుడూ తగిలించి ఉంచిన డిస్కును వైరస్ కూడా వదలదు.

కడప నుంచి:
చాలా వివరంగా చెప్పారు. గూగుల్ డ్రైవ్ ఉచితంగా ఇచ్చేది వాడుకోవచ్చా?

కర్నూలు నుంచి:
15 జీబీ ఇస్తారు, అందులోనే మెయిలు, ఫొటోలు కూడా. ప్రస్తుతం చేతిలో ఉన్న పుస్తకం వరకు పెట్టుకోండి. షాపులో నిప్పంటుకున్నా అది మిగులుతుంది.

అనంతపురం నుంచి:
పేజ్‌మేకర్ వాళ్లకు ఇంకో మాట. లింకుగా పెట్టిన బొమ్మలు వేరే ఫోల్డర్‌లో ఉంటే వాటినీ బ్యాకప్‌లో చేర్చండి. అను తెలుగు ఫాంట్లు, కీబోర్డు సెటప్ కూడా. ఫాంటు లేని యంత్రంలో ఆ తెలుగంతా పిచ్చి ఇంగ్లిషు అక్షరాలుగా కనిపిస్తుంది. డిస్కులోంచి ఒక పాత పెళ్లిపత్రికను మీది కాని కంప్యూటర్లో తెరిచి చూస్తే ఏది తగ్గిందో వెంటనే తెలిసిపోతుంది.