అప్‌డేట్: 1780ల గౌనుకీ 1880ల గౌనుకీ ఒకే కార్సెట్ కుదరదు

నాటకంలో ఈ రెండు కాలాల గౌన్ల కిందా ఒకే కార్సెట్ (ఒంటిని బిగించి ఆకారమిచ్చే లోదుస్తు) వాడొచ్చా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే రెండు కాలాల కార్సెట్లూ ట్రయల్ గుడ్డ మీద కుట్టి చూశాను, తేడా బాగా తెలిసింది.

1780ల స్టేస్ (అప్పటి కార్సెట్) ఒంటిని శంకువులా చేస్తుంది. ముందు భాగం చదునుగా ఉంటుంది, రొమ్ము పైకి లేస్తుంది, నడుము మాత్రం పెద్దగా తగ్గదు. కింద చీల్చి వదిలిన రెక్కలు తుంటి మీద విచ్చుకోవాలి. ఆ చీలిక నడుము గీత దాకా రాకపోతే అంచు తుంటిలో గుచ్చుకుంటుంది. లేసు (బిగించే తాడు) ఒకటే, ఏటవాలుగా ఎక్కుతుంది కాబట్టి రెండు వైపుల రంధ్రాలూ ఎదురెదురుగా పెట్టకూడదు.

1880లది అసలైన సన్న నడుము. ముందు రెండుగా విడిపోయే స్టీలు బస్క్ (కార్సెట్ ముందు భాగంలో నిలువుగా ఉండే గట్టి పట్టీ). స్పూన్ బస్క్ అయితే కింది కొన వెడల్పై పొట్ట మీదకి వంగుతుంది. లేసుని నడుము దగ్గరే రెండు ఉచ్చులుగా లాగి బిగించాలి. వెనక రెండు అంచుల మధ్య ఖాళీ పైనుంచి కిందిదాకా సమానంగా, సుమారు 5 సెం.మీ. ఉంటే చాలు. కింద మాత్రమే విచ్చుకుంటే తుంటి కొలత చాలలేదన్నమాట. అప్పుడు ఎంత బిగించినా లాభం లేదు, తుంటి దగ్గర కలీ (వెడల్పు పెంచే ముక్కోణపు గుడ్డ ముక్క) వెయ్యాల్సిందే.

1900 తర్వాతి నిటారు బస్క్ వేరే సంగతి: ఛాతీని ముందుకీ, తుంటిని వెనక్కీ నెడుతుంది. ఈ రెండింటికీ అది పనికిరాదు.