రెండు బ్యాగులు, పన్నెండు రోజులు, ఒక్క రాత్రి గాలే ఫేస్ హోటల్లో: పిచ్చి పనా?

పసుపుతాడు_బ్యాక్‌ప్యాక్

నమస్తే అందరికీ. మా పెళ్లై నాలుగు నెలలు. అప్పుడు ఇద్దరికీ దొరికిన సెలవంతా వ్రతానికీ, మూడు నిద్రలకీ, చుట్టాల ఇళ్లలో భోజనాలకీ సరిపోయింది. హనీమూన్ ఇప్పుడు ఫిబ్రవరికి కుదిరింది. శ్రీలంక, పన్నెండు రోజులు. ఇద్దరం ముందు నుంచీ బ్యాగు వీపుకేసుకుని తిరిగే రకమే కాబట్టి ప్యాకేజీ వద్దనుకున్నాం. చెన్నై నుంచి కొలంబోకి ఫ్లైటు, అక్కడి నుంచి అన్నీ రైళ్లూ బస్సులే. ముందు కాండీ, తర్వాత హట్టన్‌లో దిగి శ్రీపాద కొండ, ఆపైన ఎల్లా, కిందికొచ్చి గాలే, మళ్లీ కొలంబో. గది అద్దె రోజుకి మన రూపాయల్లో పదిహేను వందలు దాటకూడదని రూలు పెట్టుకున్నాం.

ఒక్క రాత్రికి మాత్రం ఆ రూలు తప్పాలని నా కోరిక. కొలంబోలో సముద్రం ఒడ్డునే గాలే ఫేస్ హోటల్ ఉంది కదా, 1864 నాటిది. అక్కడ ఒక్క రాత్రి. నేను చూసిన రోజు పన్నులతో కలిపి పదిహేను వేలు చూపించింది. మా ఆయన కాదనలేదు. "సరే" అని ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి, "అంటే పది రాత్రుల గది" అన్నాడు. తర్వాత ఇంకేమీ అనలేదు. ఆ అనకపోవడమే నాకు టెన్షన్.

వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. ఇది మొదటి రోజే పెట్టుకోవాలా, చివర్లోనా? బురద బూట్లతో, ఉతకని బట్టల బ్యాగుతో వెళ్తే గుమ్మం దగ్గర ఎలా చూస్తారు? కాండీలో, గాలే కోటలో కూడా పాత హోటళ్లున్నాయట, వాటికన్నా ఇదే మేలా? రేటు సంగతి అత్తగారికి చెప్పాలా వద్దా అన్నది నేను తేల్చుకుంటా, దానికి సలహాలొద్దు.

లెక్కల_మాస్టారు

అమ్మాయీ, నేను మీ ఆయన పక్షం. నిద్రపోయాక గది పదిహేను వందలదైనా పదిహేను వేలదైనా ఒకటే. ఆ హోటల్లో చూడాల్సింది గది కాదు, సముద్రం వైపున్న వరండా. గది తీసుకోకుండానే అక్కడ కూర్చుని టీ తాగొచ్చు. పక్కనే గాలే ఫేస్ గ్రీన్ అనే మైదానం, అది ఊరందరిదీ. సాయంత్రమైతే పిల్లలూ గాలిపటాలూ వడల బండ్లే. 1859లో హెన్రీ వార్డ్ అనే గవర్నరు అక్కడి నడకదారి పూర్తి చేయించి, కొలంబోలోని ఆడవాళ్ల కోసం, పిల్లల కోసం దీన్ని కాపాడండని తన తర్వాత వచ్చేవాళ్లకి రాతి మీద రాయించి పోయాడు. ఆయన కట్టించింది నీకే అనుకో, డబ్బు కట్టక్కర్లేదు.

ఇంకోటి. మెనూలో రేటు పక్కన ప్లస్ ప్లస్ అని ఉంటే సర్వీస్ ఛార్జీ, పన్ను విడిగా పడతాయని అర్థం. టీ అయినా సరే, అది చూసుకుని ఆర్డరివ్వు.

రెండోబోగీ_కిటికీ

మాస్టారూ, మీరు చెప్పినట్టే టీ తాగి వచ్చేద్దామని మా ఆవిడతో నేనూ అన్నాను. అందుకే ఇంత రాస్తున్నా.

మేం వెళ్లింది 2023 జనవరిలో. దాదాపు మీ దారే. పదకొండు రాత్రులు గెస్ట్‌హౌస్‌ల్లో పడుకున్నాం. ఒకచోట దోమతెరకి ఉన్న చిల్లులు నేను లెక్కపెట్టాను, పద్నాలుగు. శ్రీపాదకి రాత్రి రెండింటికి మొదలుపెట్టాం. ఐదు వేలకి పైగా మెట్లు. పైన చలికి వణుకుతుంటే మా ఆవిడ తన చున్నీ నాకు కప్పింది. ఆ ఫోటో మా వాళ్లెవరికీ చూపించలేదు.

చివరి రాత్రికి గాలే ఫేస్ బుక్ చేశాం. గాలే నుంచి కొలంబో వచ్చే రైల్లో ఎడమవైపు కూర్చోండి, సముద్రం పట్టాల పక్కనే ఉంటుంది. కొలంబో నుంచి వెళ్లేటప్పుడైతే కుడివైపు. కొల్లుపిటియా స్టేషన్లో దిగితే హోటల్ నడిచే దూరమే. నడిచాం. వెనక నుంచి చూస్తే మేమెలా ఉన్నామో చెప్తాను: నా బ్యాగుకి తడి తువ్వాలు, మా ఆవిడ బ్యాగుకి తాడుతో ఒక జత చెప్పులు వేలాడుతున్నాయి. గుమ్మం కనిపించగానే నా కాళ్లు వాటంతటవే పక్కకి తిరిగాయి. "ముందు ఆ చెట్టు దగ్గర ఆగి తువ్వాలు లోపల పెడదాం" అన్నాను. మా ఆవిడ ఆగలేదు.

గుమ్మం దగ్గర తెల్ల యూనిఫాం వేసుకున్న పెద్దాయన చేతులు జోడించి "ఆయుబోవన్" అన్నాడు. మా బూట్ల వైపు చూశాడు. ఇక అయిపోయిందనుకున్నా. ఆయన అడిగింది ఒక్క మాట: "శ్రీపాదా?" అవునన్నాను. తల ఊపి, తడి తువ్వాలుతో సహా నా బ్యాగు అందుకున్నాడు. మీరు భయపడుతున్న చూపు మాత్రం ఇదే అమ్మా, మాకు ఇంకో చూపు తగల్లేదు.

ఇప్పుడు మా తప్పు. ఆ ఉదయం గాలే పక్కనున్న ఉనవటున బీచ్‌లో ఇంకో గంట నీళ్లలో ఉందామన్నాను. ఇంకో గంట అంటే మూడు గంటలైంది. హోటల్‌కి చేరేసరికి సాయంత్రం ఆరుంబావు. కౌంటర్ దగ్గర పాస్‌పోర్టులిచ్చి ఫారం నింపుతుంటే సముద్రం వైపు నుంచి పెద్ద బూర లాంటి చప్పుడు వినిపించింది. బ్యాగ్‌పైపు. అక్కడ రోజూ సూర్యుడు మునిగే వేళకి బ్యాగ్‌పైపు ఊదుతూ జెండా దించుతారు. మా ఆవిడ ఆ హోటల్ కోరుకున్నదే దాని కోసం. నేను మా నాన్న పేరు స్పెల్లింగ్ రాస్తున్నాను. పరుగెత్తుకెళ్లేసరికి జెండా మడతపెట్టేశారు. మర్నాడు సాయంత్రానికి మేం ఎయిర్‌పోర్టులో ఉన్నాం. ఈ సంగతి ఇప్పటికీ ఉప్మా చేసిన ప్రతిసారీ గుర్తుచేస్తుంది, ఉప్మాకీ దానికీ సంబంధమేంటో నాకు తెలీదు.

గదిలో మంచం ఎంత ఎత్తుందంటే మా ఆవిడ బూట్లు విప్పకుండా మంచం ముందు నిలబడి "ఎక్కమంటావా?" అంది. ముందు స్నానం, ఆ తర్వాత బట్టలు. హోటల్ లాండ్రీ రేటు కాగితం చదివాను. ఒక చొక్కా ఉతకడానికి, నేను ఆ చొక్కా కొన్నదానికన్నా ఎక్కువ. సరే మనమే ఉతుక్కుందామని చూస్తే అంత గదిలో బకెట్ లేదు, మగ్గు లేదు. షవర్ కింద పరిచి కాళ్లతో తొక్కాను. ఎర్రటి నీళ్లు. జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌తో మా ఆవిడ నా సాక్సులు ఆరబెడుతుంటే ఇద్దరికీ నవ్వు ఆగలేదు. పక్కగదిలో ఎవరున్నారో పాపం.

రాత్రి అక్కడ భోంచెయ్యడానికి ధైర్యం చాల్లేదు. ఎదురుగా గ్రీన్‌కి వెళ్లి బండి మీద ఇస్సో వడె తిన్నాం. మన పప్పు వడ మీద తలా తోకా తీసెయ్యని రొయ్యల్ని అద్ది వేయిస్తారు, పైన ఉల్లిపాయ, కారం. కాగితం పొట్లాలతోనే హోటల్‌లోకి వచ్చాం. అదే పెద్దాయన తలుపు తీశాడు.

ఉదయం టిఫిను గది రేటులోనే కలిసి ఉంది. మొదట్లో వెళ్లి చివర్లో లేచాం. గుడ్డు ఆప్పాలు నాలుగు తిన్నాను, సంబోల్ అనే కొబ్బరి పచ్చడితో. కాకులు మాతోపాటే కూర్చున్నాయి.

కాబట్టి నా మాట: చివరి రాత్రే పెట్టుకోండి. మొదటి రోజే అయితే ఆ తర్వాత ప్రతి గెస్ట్‌హౌస్‌లో దుప్పటి వాసన చూస్తూ కూర్చుంటారు. కానీ మధ్యాహ్నం పన్నెండుకల్లా చేరండి. గది రెండింటికిచ్చినా పర్లేదు, బ్యాగులు కౌంటర్లో పెట్టి వరండాలో కూర్చోండి. ఆ రోజు ఇంకే ఊరూ, ఇంకే గుడీ పెట్టుకోవద్దు. మేం డబ్బు ఒక రోజుకి కట్టి పూట మాత్రమే వాడుకున్నాం.

కాఫీపొడి_అత్తయ్య

మా ఆయన ఉద్యోగం వల్ల 2011 నుంచి మూడేళ్లు కొలంబోలో ఉన్నాం. పైన చెప్పిన గుమ్మం దగ్గర అప్పట్లో కుట్టన్ గారుండేవారు. మెలితిప్పిన తెల్ల మీసం, తెల్ల కోటు. కేరళ నుంచి వచ్చి 1942లో ఆ హోటల్లో చేరి, 2014లో పోయేదాకా 72 ఏళ్లు అక్కడే పనిచేశారు. మా చిన్నవాడు ఆయన మీసం పట్టుకుని లాగాడు. ఆయన నవ్వితే నాకు ప్రాణం కుదుటపడింది.

తల్లీ, రెండు తేదీలు చూసుకో. ఫిబ్రవరి 4 వాళ్ల స్వాతంత్ర్య దినం. పెరేడ్ గ్రీన్ దగ్గర పెట్టిన ఏడాది ఆ చుట్టుపక్కల రోడ్లు మూసేస్తారు, రిహార్సల్ రోజుల్లో కూడా. రెండోది పౌర్ణమి. దాన్ని పోయ అంటారు, దేశమంతా సెలవు, మందు అమ్మరు. మీకు అవసరం లేకపోవచ్చు, చెప్పడం నా ధర్మం. శ్రీపాదలో కూడా ఆ రాత్రి మెట్టు మెట్టుకీ జనం.

కాండీలో క్వీన్స్ హోటల్ చెరువు పక్కన, బుద్ధుడి దంత ఆలయానికి ఎదురుగా ఉంటుంది. గాలే ఫేస్ అంత ఖరీదు ఉండేది కాదు. నాకు ఆ చెరువంటే వేరే ఇష్టం. 1807లో దాన్ని తవ్వించిన శ్రీ విక్రమ రాజసింహుడు కాండీ చివరి రాజు. ఆయన వంశమైన నాయక్కర్ రాజుల వేర్లు మధురై తెలుగు నాయకుల బంధువుల్లో ఉన్నాయి. బ్రిటిష్‌వాళ్లు 1815లో ఆయన్ని పట్టుకుని తర్వాత వేలూరు పంపించేశారు, 1832లో అక్కడే పోయాడు. సాయంత్రం గట్టు మీద కూర్చున్నప్పుడల్లా, ఈయన ఇంట్లో ఎవరైనా తెలుగులో విసుక్కునేవాళ్లేమో అనిపించేది నాకు.

గాలే కోటలోది అమన్‌గల్ల. డచ్చివాళ్లు 1684లో కట్టిన భవనం, ఇదివరకు న్యూ ఓరియంటల్ హోటల్ అనేవారు. దాని రేటు చూస్తే మీ ఆయన కాలిక్యులేటర్ సముద్రంలో పారేస్తాడు. బయట నుంచి చూసి కోట గోడ మీద నడవండి.

ఒక్క రాత్రికైతే గాలే ఫేసే. మాస్టారు గారికి కోపం వద్దు. టీ తాగినవాళ్లు చీకటి పడ్డాక లేచి వెళ్లిపోవాలి కదండీ.

పసుపుతాడు_బ్యాక్‌ప్యాక్

అందరికీ థాంక్స్. ముఖ్యంగా కిటికీ గారికి, అత్తయ్య గారికి. మాస్టారూ, మీ ప్లస్ ప్లస్ సలహా నోట్‌బుక్‌లో రాసుకున్నా.

మా ఆయనకి మొత్తం చదివి వినిపించాను. బ్యాగ్‌పైపు దగ్గర ఆపి, "పాపం ఆవిడ" అన్నాడు. మళ్లీ కాలిక్యులేటర్ తీశాడు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మర్నాడు పన్నెండు దాకా అంటే గంటకి ఆరువందల పాతికట. ఈసారి మొహం మామూలుగానే ఉంది. "నిద్రపోకపోతే సరి" అన్నాడు. పదకొండో తారీకుకి బుక్ చేసేశాం, సముద్రం వైపు గది కాదు, చవకది. ఉనవటున ప్లాన్లోంచి తీసేశాను.

కిటికీ గారూ, బట్టలు ఎక్కడ ఆరేశారు? మావాడు తాడు తెస్తానంటున్నాడు.

రెండోబోగీ_కిటికీ

కుర్చీల మీద. తాడు సంగతి సరే, ప్లాస్టిక్ మగ్గు ఒకటి బ్యాగుకి తగిలించుకుని వెళ్లండి. ఆ పెద్దాయన ఏమీ అనుకోడు.