కొత్తగా నేర్చుకున్నవారికి చిన్న బైకు: ఘాట్ రోడ్డులో ఎంత వేగం వరకు నమ్మవచ్చు?

ప్రశ్న (జయపురం నుండి)

అందరికీ నమస్కారం. ఇటీవలే బండి నేర్చుకుని, లైసెన్సు వచ్చాక స్ప్లెండర్ ప్లస్ తీసుకున్నాను. ఊళ్లో ఏ ఇబ్బందీ లేదు. వచ్చే నెల మా అమ్మను వెనుక కూర్చోబెట్టుకుని కోరాపుట్, సుంకి, సాలూరు మీదుగా విజయనగరం వెళ్లాలని ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు నాలుగో గేరులో బండి లాగడం లేదు. చదును రోడ్డు మీద 75 దాటితే హ్యాండిల్ వణుకుతోంది. ఇది బండి లోపమా, లేక ఆ ఇంజను హద్దే అంతేనా? పెద్దలు దయచేసి చెప్పగలరు.

జవాబు (రాయగడ నుండి)

తమ్ముడూ, లోపమని అప్పుడే అనుకోవద్దు. అది 97.2 సీసీ ఇంజను. దాని శక్తి సుమారు 8 హార్స్‌పవర్, అది కూడా 8000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర మాత్రమే అందుతుంది. 112 కిలోల బండి మీద ఇద్దరు ఎక్కి, పైగా సామాను కట్టి, సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్ వైపు నాలుగో గేరులో ఎక్కమంటే ఇంజను రొప్పుతుంది. మూడుకో, మలుపుల దగ్గర రెండుకో దించండి. ఇంజను గొంతు బరువెక్కకముందే గేరు మార్చడం అలవాటు చేసుకోండి.

వణుకు విషయంలో ఒక తేడా గమనించాలి. అరచేతుల్లో సన్నగా జుమ్మని తెలిసేది ఒకే సిలిండరున్న ఇంజను వేగంగా తిరగడం వల్ల వచ్చేది. కాస్త తగ్గిస్తే పోతుంది. అలాకాక హ్యాండిల్ కుడిఎడమలకు ఊగుతుంటే మాత్రం టైర్లలో గాలి, చక్రం వంకర, బేరింగులు చూపించుకోకుండా అమ్మగారిని ఎక్కించుకోవద్దు.

జవాబు (బరంపురం నుండి)

వేగం గురించి నా మాట. కేంద్రం 2018లో ఖరారు చేసిన గరిష్ఠ పరిమితి ప్రకారం మోటారు సైకిలుకు నాలుగు వరుసల విభజిత రహదారిపై 80, మామూలు రోడ్లపై 60 కిలోమీటర్లు. ఘాట్‌లో బోర్డు మీద ఎంత తక్కువ రాసి ఉంటే అంతే. మీ బండి 80 అందుకోగలదు, నిజమే. కానీ అప్పటికి ఇంజనులో దాచుకున్న శక్తి దాదాపు ఏమీ మిగలదు కాబట్టి, ఎదురుగా లారీ వస్తుండగా మరో బండిని దాటాలనుకుంటే మధ్యలోనే చిక్కుకుపోతారు. మా 16వ నంబరు జాతీయ రహదారి మీద పెద్ద బస్సు పక్కనుంచి దూసుకుపోతే ఆ గాలికే ఇంత తేలికైన బండి పక్కకు జరుగుతుంది. ఇద్దరితో అయితే 50, 55 మధ్య నడపమనే నా సలహా.

ప్రశ్న అడిగినవారు

కృతజ్ఞతలు. దిగేటప్పుడు పెట్రోలు కలిసి వస్తుందని న్యూట్రల్‌లో వదలమని ఇక్కడ కొందరు చెబుతున్నారు. అది సరైనదేనా?

జవాబు (పర్లాకిమిడి నుండి)

దయచేసి ఆ పని చేయవద్దు. ఏ గేరులో ఎక్కారో దాదాపు అదే గేరులో దిగండి, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో వదిలితే భారమంతా బ్రేకుల మీద పడుతుంది. డ్రమ్ బ్రేకును ఆగకుండా నొక్కుతూ పోతే అది వేడెక్కి పట్టు తగ్గుతుంది. లివరు ఎంత నొక్కినా బండి జారుతూనే ఉంటుంది. అలాంటి సూచన కనబడితే పక్కకు ఆపి చల్లారనివ్వాలి. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగు రెట్లవుతుందని కూడా గుర్తుంచుకోండి: 40లో ఆగినంత సులువుగా 80లో ఆగదు.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు ఉన్న కొత్త బండ్లన్నిటికీ జంట బ్రేకు గానీ ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు) గానీ తప్పనిసరి అయింది. జంట బ్రేకున్న బండిలో కాలి బ్రేకు నొక్కినప్పుడు ముందు చక్రానికీ కొంత పట్టు అందుతుంది గాని, చక్రం జారకుండా అది ఆపలేదు. అందుకే మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు వదిలేయాలి. మన వైపు రోడ్డు మీద చోళ్లు (రాగులు) ఆరబోస్తారు. ఆ గింజల మీద బండి వంచి ఉండగా ముందు బ్రేకు తాకితే టైరు నిలవదు.

వెనుక షాక్ అబ్సార్బర్లను అయిదు మెట్లలో బిగించుకోవచ్చు. అమ్మగారు కూర్చునే ముందు వాటిని ఒకటి రెండు మెట్లు పెంచి, హెడ్‌లైటు పైకి చూస్తోందేమో సరిచూసుకోండి.