క్రోన్స్ జబ్బు బాక్టీరియా వల్లే వస్తుందా? యాంటీబయాటిక్స్‌తో పోదా?

తమ్ముడికోసం:
మా తమ్ముడికి ఇరవై రెండేళ్లు. రెండేళ్ల కిందట బయట తిండి వల్ల సాల్మొనెల్లా అనే క్రిమి సోకి వారం రోజులు విరేచనాలతో మంచం పట్టాడు. అది తగ్గింది గానీ కడుపు మాత్రం కుదుటపడలేదు. ఆరు నెలలకి కొలనోస్కోపీ చేసి క్రోన్స్ అన్నారు, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే పేగుని వాచేలా చేసే దీర్ఘకాలపు జబ్బట. చిన్నపేగు చివర ఎర్రగా వాచి, గులకరాళ్లు పరిచినట్టు ఎగుడుదిగుడుగా ఉన్న ఫొటో ఇప్పటికీ నా ఫోన్‌లోనే ఉంది. వాడు ఒకటే అడుగుతున్నాడు: "అక్కా, క్రిమితో మొదలైతే క్రిమిని చంపితే చాలదా? ఇమ్యూనిటీని అణిచే మందులెందుకు?" ఏం చెప్పాలో తెలియట్లేదు.

ల్యాబ్‌మనిషి:
తీసిపారేసే ప్రశ్న కాదండి. మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను, పదకొండేళ్లుగా నాకు అల్సరేటివ్ కొలైటిస్ (క్రోన్స్‌కి దగ్గరి జబ్బు, పెద్దపేగుకి వస్తుంది) కూడా ఉంది. ఇదే ఆశతో నేనూ చాలా చదివాను.

పశువులకి జోన్స్ వ్యాధి అని ఒకటుంది. క్షయ క్రిమికి దాయాది లాంటి ఒక మైకోబాక్టీరియం వల్ల వాటి పేగు మందమెక్కిపోతుంది, అచ్చం క్రోన్స్‌లాగే. అందుకే మనుషుల్లోనూ అదే కారణమేమోనని ఆస్ట్రేలియాలో 213 మందికి పరీక్ష పెట్టారు. కొందరికి రెండేళ్లు మూడు యాంటీబయాటిక్స్, మిగతావారికి ఉత్త మాత్రలు. ఫలితాలు 2007లో వచ్చాయి. మొదటి 16 వారాల్లో మందు వేసుకున్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు, ఆ తర్వాత ఆ తేడా నిలవలేదు. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

అలాగని బాక్టీరియాకి సంబంధం లేదనుకోకండి. పెద్దపేగు వాపు రావడానికే జన్యువు మార్చిన ఎలుకల్ని క్రిములు లేని గూట్లో పెంచితే ఆ వాపు రాదు. క్రోన్స్ రోగుల చిన్నపేగు గోడకి అతుక్కుని లోపలికి చొరబడే ఒక రకం ఈ. కోలై అనే బాక్టీరియా కనబడింది. 2001లో బయటపడ్డ నాడ్2 జన్యువు పనే బాక్టీరియా గోడ ముక్కల్ని గుర్తుపట్టడం, దానిలో మార్పులున్నవాళ్లకి క్రోన్స్ ముప్పు ఎక్కువ. అంటే బయటినుంచి వచ్చిన ఒక్క శత్రువు కాదు, ఎప్పుడూ మనలో ఉండే క్రిములతోనే పేగుకి పొత్తు చెడింది. వాటన్నిటినీ చంపలేం, చంపకూడదు కూడా.

నాలుగోసారి:
నాకూ పేగు వాపు జబ్బే, ఒక్కమాట నేనూ చెప్తాను. మందులషాపులో యాంటీబయాటిక్ కొని సొంతంగా వాడొద్దు. పంటినొప్పికి వాడిన కోర్సు తర్వాత నాకు రోజుకి పదిహేనుసార్లు విరేచనాలు. జబ్బు తిరగబెట్టిందని స్టెరాయిడ్లు పెంచారు, ఇంకా ముదిరింది. ఆలస్యంగా మలం పరీక్ష చేస్తే క్లాస్ట్రిడియం డిఫిసిల్ అని తేలింది, యాంటీబయాటిక్స్ వాడాక పేగులో పెరిగి విరేచనాలు తెచ్చే బాక్టీరియా అది. ఆ పరీక్ష ముందే జరిగుంటే మూడు వారాలు ఆసుపత్రిలో పడి ఉండేదాన్ని కాదు. తిరగబెట్టిందనిపించిన ప్రతిసారీ ఆ పరీక్ష అడగండి.

ల్యాబ్‌మనిషి:
నూటికి నూరుపాళ్లు నిజం. చీముగడ్డ కట్టినా, మలద్వారం పక్కన ఫిస్టులా (పేగునుంచి చర్మానికి పడే దారి) వచ్చినా డాక్టర్లే యాంటీబయాటిక్స్ ఇస్తారు, అది వేరే సంగతి.

తమ్ముడికోసం:
ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. వాడికి చదివి వినిపించాను. ఇంకొకటి అడగాలి, ఇది నా కోసం. ఆ రోజు బయట తిందాం రమ్మని పట్టుబట్టింది నేనే. సాల్మొనెల్లా సోకకపోయుంటే వాడికిది వచ్చేది కాదా?

ల్యాబ్‌మనిషి:
అలాంటి ఇన్‌ఫెక్షన్ తర్వాత ఈ జబ్బు బయటపడే అవకాశం కొంత పెరుగుతుంది, నిజమే. కానీ సోకినవాళ్లలో చాలామందికి ఏమీ కాదు. ఒక మనిషి విషయంలో ఇదే కారణమని ఎవరూ చెప్పలేరమ్మా. మీరూ అదే తిన్నారా?

తమ్ముడికోసం:
ఒకే ప్లేటులో తిన్నాం. నాకూ విరేచనాలయ్యాయి. మూడో రోజుకే తగ్గిపోయాయి.