కొండకీ మండ్రోలప్పకీ చుట్టరికం ఉందా?

ప్రశ్న: ఎడిన్‌బరాలో ఉండే మా మేనల్లుడు "ఈ వేసవిలో నాలుగు మన్రోలు ఎక్కాం మామా" అంటున్నాడు. అక్కడ మన్రో అంటే కొండట. మా అనంతపురం వైపు మండ్రోలప్ప అని పిల్లలకు పేరు పెట్టుకునేవాళ్లు, అది కలెక్టర్ మన్రో దొర పేరే. ఈ రెంటికీ సంబంధం ఉందా, లేక ఉత్త పోలికేనా?

జవాబు: ఉందండీ, రెండూ ఒకే ఇంటి పేరు. తాత పేరు సీమలో మనుషులకు పట్టింది, మనవడి పేరు స్కాట్లండులో కొండలకు పట్టింది.

ఆ ఇల్లు లిండర్టిస్. స్కాట్లండులోని ఆంగస్ ప్రాంతంలో కిరీమ్యూర్ ఊరి దగ్గర ఉండేది. కట్టించింది మన్రోలు కాదు, గిల్బర్ట్ లైంగ్ మీసన్ అనే ఆయన. ఆర్చిబాల్డ్ ఎలియట్ అనే వాస్తుశిల్పి చేత 1815-16లో కోట బురుజుల ఫక్కీలో కట్టించుకున్నాడు. మాటల పుట్టుక వెతికే మన గ్రూపుకు ఈయనా పనికొచ్చే మనిషే! 'లాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్' అన్న మాటను 1828లో తన పుస్తకం పేరులో మొదట వాడిన ఘనత ఈయనకే ఇస్తారు. అప్పట్లో దాని అర్థం వేరు. ఇటలీ చిత్రకారుల బొమ్మల్లో కట్టడాలు చుట్టూ ఉన్న ప్రకృతిలో ఎలా ఒదిగాయన్నదే ఆయన ధ్యాస. తోటలూ పార్కులూ తీర్చే వృత్తికి ఆ పేరు తర్వాత వచ్చింది.

ఎస్టేటు ఆపైన మన్రోల చేతికొచ్చింది. సర్ థామస్ మన్రో గ్లాస్గో వర్తకుడి కొడుకు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో తండ్రి పొగాకు వ్యాపారం దెబ్బతింది. థామస్ 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల్లో కలెక్టరు, 1820లో మద్రాసు గవర్నరు. 1825లో బారొనెట్ అనే వంశపారంపర్య బిరుదు వచ్చినప్పుడు 'లిండర్టిస్ మన్రో' అయ్యాడు. పిఠాపురం రాజా అన్నట్టే అక్కడా బిరుదుకు ఎస్టేటు పేరు తగిలిస్తారు. కానీ బిరుదు వచ్చాక స్వదేశం వెళ్లనే లేదు. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు.

బిరుదు పెద్దకొడుక్కి, ఆయన తర్వాత తమ్ముడు క్యాంప్‌బెల్‌కి, ఆయన నుంచి కొడుకు హ్యూకి వచ్చింది. ఈ హ్యూ మన్రోకి కొండలంటే పిచ్చి. స్కాట్లండులో 3,000 అడుగులు దాటిన శిఖరాలన్నీ లెక్కగట్టి 1891లో పర్వతారోహకుల క్లబ్బు పత్రికలో పట్టిక వేశాడు. వాటిలో పక్క శిఖరాలు పోగా విడి కొండగా లెక్కకొచ్చేది ఒక్కొక్కటీ ఒక మన్రో. ఇప్పటి లెక్కలో 282. అన్నీ మొదట ఎక్కిన పేరు మాత్రం రాబర్ట్‌సన్ అనే పాదిరిది, 1901లో. హ్యూ 1919లో పోయేనాటికి ఆయనకింకా కొన్ని మిగిలే ఉన్నాయి. లిండర్టిస్‌ని 1955లో పడగొట్టేశారు.

గుత్తి నుంచి ఒకరు: దొరను మొదట పూడ్చింది మా గుత్తిలోనే. తర్వాత అస్థికల్ని మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తీసుకెళ్లారు. అది సరే, 'మన్రో'లో డకారం ఎక్కడినుంచి వచ్చింది మాస్టారూ?

జవాబు: న్ పక్కనే ర్ పలకాలంటే మధ్యలో నాలుక అంగిలికి తగిలి ద గానీ డ గానీ దానంతటదే పుడుతుంది. మన్రో అని గబగబా పదిసార్లు అని చూడండి, మీకే తెలుస్తుంది. 'ల' సంగతి నా ఊహ: గౌరవానికి 'మండ్రోలు' అని ఉంటారు, దానికి సీమ అప్ప చేరింది. పాలెగాళ్లను అణిచినవాడని తిట్టుకున్నవాళ్లూ ఉండకపోరు, కానీ పేరు పెట్టుకున్నది మాత్రం మధ్యవాళ్లు లేకుండా శిస్తు నేరుగా సర్కారుకు కట్టిన రైతులే అనుకుంటాను.

ప్రశ్న అడిగినవారు: మరి తెలుగులో రాసేటప్పుడు 'మన్రోలు ఎక్కాం' అనొచ్చా?

జవాబు: మాటల్లో అనుకోండి, ఫర్వాలేదు. రాతలో 'మన్రో కొండలు' అనండి. లేకపోతే ఆ కుటుంబం భుజాలెక్కారనుకుంటారు.